చార్టు మధ్యలో ముడి

మధ్యలో ఒక సున్నా చుట్టి, దానికి నాలుగు కొమ్మలు గీయనిదే కొమ్మలాయన మంచినీళ్లయినా తాగడు. మోటార్లు బాగుచేసే ఆ వర్క్‌షాపులో పనివాళ్ల శిక్షణ చూసే ఆఫీసరు ఆయన. ఆ బొమ్మను ఆయన మైండ్ మ్యాప్ అంటాడు. మిగతావాళ్లు ఆయన వినకుండా ముళ్లకంప అంటారు.

ఒకసారి షెడ్డులో ఫ్యాను ఆగిపోయింది. అందరినీ కూర్చోబెట్టి, తోచిన కారణమల్లా చెప్పించి, చార్టు మీద పదకొండు కొమ్మలు గీశాడు. ఉక్క భరించలేక వైండింగ్ అక్క లేచి వెళ్లి స్విచ్ వేసింది. గాలికి ఎగిరిపోతున్న చార్టును కొమ్మలాయన రెండు చేతులా పట్టుకుని, "స్విచ్ ఏడో కొమ్మ కదమ్మా, మనమింకా నాలుగో దాని దగ్గరే ఉన్నాం" అని నొచ్చుకున్నాడు.

అక్కకు ఇలాంటివి తలకెక్కవు. మోటార్లకు రాగితీగ చుట్టడం ఆమె పని. ఇరవై ఆరేళ్లలో ఆమె చుట్టిన మోటారు కాలి వెనక్కి వచ్చింది లేదు. క్లాసులకు మాత్రం ఒక్కనాడూ వెళ్లలేదు. అందరూ క్లాసులో కూర్చుంటే వాళ్ల బల్లల మీది పని ఎవరో ఒకరు చూడాలిగా. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. శిక్షణ వల్ల ఏం ఒరిగిందో తేల్చమని, ఒక్క క్లాసుకూ రానివాళ్లను సోమవారం నుంచి ప్యాకింగుకు పంపుతానని మేనేజరు చెప్పాడు. అలాంటి మనిషి మొత్తం షాపులో ఆమె ఒక్కతే.

తేల్చే పని కొమ్మలాయన చేతిలో పడింది. ఇంకేముంది, గోడంత చార్టు అంటించాడు. అక్క తన పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టింది.

తీరా చూస్తే ఆయన క్లాసుల ఊసే ఎత్తలేదు. ఒక్కొక్కరికీ ఒక సున్నా చుట్టి, చేతికి పని ఎలా వచ్చిందో, పని చెడినప్పుడు ఎవరి బల్ల దగ్గరికి పరిగెత్తారో అడిగి గీత లాగడం మొదలుపెట్టాడు. ఫిట్టరు ఒకటి చెప్పాడు, పెయింటరు ఒకటి, లేతు మీద పనిచేసే ఆయన రెండు. గీత మీద గీత పడి ఏది ఎటు పోతోందో ఎవరికీ అంతుపట్టలేదు. స్టోర్సు గుమాస్తా తన సున్నా ఏదో తనకే తెలియడం లేదని సణిగాడు. అక్క తన సున్నా కోసం వెతికి వెతికి, తనను అప్పుడే తీసేశారనుకుంది.

మేనేజరు వచ్చి తల అటు వంచి, ఇటు వంచి చూశాడు. చార్టును తలకిందులుగా పెట్టించాడు. అలా పెట్టినా అంతే.

"మధ్యలో ఈ ముడేంటయ్యా?"

"ముడి కాదు సార్. అక్క."

మేనేజరు ముడి మీద వేలు పెట్టి, ఒక్కో గీతనూ వెనక్కి తడుముకుంటూ వెళ్లాడు. వేలు వెళ్లి ఫిట్టరు దగ్గర ఆగింది. మరో గీత పెయింటరు దగ్గర తేలింది. అలా షాపంతా తిరిగింది.

"ఈమెను ప్యాకింగుకు పంపితే ఈ గీతలన్నీ ఎటు తిప్పమంటారు సార్?" అని కొమ్మలాయన మెల్లగా అడిగాడు.

మేనేజరు జేబులోంచి ప్యాకింగుకు పంపే కాగితం తీసి అందులో ఆమె పేరు కొట్టేశాడు. వచ్చే వారం నుంచి క్లాసు ఆమె బల్ల దగ్గరేనని చెప్పి వెళ్లిపోయాడు.

అందరూ కదిలాక అక్క ముడిని దగ్గరగా చూసింది. చార్టు అంచు నుంచి వచ్చిన గీత ఒకటి ఆమెకు కొరుకుడు పడలేదు.

"ఇదెవరిది సారూ?"

"నాదేనక్కా. చేరిన కొత్తలో మీ బల్ల దగ్గర మూడు నెలలున్నాను. మరిచిపోయారా?"

"మీకు నేనేం నేర్పాను?"

"తొమ్మిది మోటార్లు కాల్చాక నా చేతిలోంచి తీగ లాక్కుని పెన్సిలు పెట్టారు. దీంతో ఏం చేసినా ఎవరికీ ప్రమాదం లేదన్నారు."

ఆయనకు దండం పెట్టాలో, షాపులో అందరికీ క్షమాపణ చెప్పుకోవాలో అక్కకు తోచలేదు.