అవ్వ తినని లడ్డూలు

ఏళ్ల తరబడి నేను మోస్తున్న బరువు బొటనవేలి గోరంత ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ స్విచ్చు. ఒకవైపు నొక్కితే చల్లదనం, రెండోవైపు నొక్కితే వేడి. మనుషులు గుండెల మీద బండలు మోస్తారంటారు. నాకు అంత స్థాయి లేదు. నాది స్విచ్చే. కానీ బండనైతే ఎక్కడో ఒకచోట దించి కాసేపు కూర్చోవచ్చు. దీన్ని దించే చోటు నాకింతవరకు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నవ్వడం మావాళ్లకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే. మేడ్చల్‌లో మా ఇంట్లో ఎవరైనా కంటతడి పెట్టుకోబోతే ఏదో ఒకటి అని ఆ ఏడుపు గాలి తీసేయడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు. చదువు రానివాడికి ఏదో ఒక పని ఉండాలి కదా.

అప్పుడు నేను ఇంటర్ ఒకసారి ఫెయిలై, మళ్లీ రాయడానికి చదువుతున్నట్టు కనిపిస్తూ ఇంట్లో ఉండేవాణ్ని. మా బావ దుబాయిలో ఒక పెద్దింట్లో కారు డ్రైవరు. సెలవుకు వస్తూ ఒక నీలం డబ్బా తెచ్చాడు. కారులో సిగరెట్ ముట్టించుకునే చోట దాని వైరు గుచ్చితే లోపల పెట్టినవన్నీ చల్లగా ఉంటాయి. బయలుదేరినచోటి నుంచి చేరేదాకా ఐసు గడ్డ అక్కర్లేదు. ఆకుపచ్చ లైటు వెలిగితే చల్లదనం. ఎర్ర లైటు వెలిగితే వేడి, ఎందుకంటే అదే డబ్బా కూరలు కూడా వెచ్చగా ఉంచుతుందట. ఈ సంగతి బావ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. పాలవాడికి చెప్పాడు. మీటరు చూడ్డానికొచ్చినవాడికి చెప్పాడు. మా నాయిన ప్లాట్లు అమ్మే మనిషి, ఎదుటివాణ్ని మాట్లాడనివ్వడు. ఆయన కూడా ఆ వారమంతా మౌనంగా విన్నాడు.

బావ గాలి తీయాలని నాకు అనిపించిందంటే మీకు అర్థమవుతుందనుకుంటాను. అర్థం కాకపోయినా ఏం లేదు. నాకే ఇప్పుడు సరిగ్గా అర్థం కావడం లేదు.

ఉగాదికి ముందు ఒక ఆదివారం కొమురవెల్లి మల్లన్న మొక్కుకు బయలుదేరాం. బోనమెత్తాలి, దేవుని ముందు రంగుల పొడులతో పట్నాలనే ముగ్గులు వేయించాలి. కిరాయి సుమో. నాయిన, అమ్మ, అక్క, బావ, అవ్వ, నేను. అవ్వ అంటే నాయిన తల్లి. చాలా ఏళ్లుగా షుగరు. పొద్దున, సాయంత్రం తిండికి ముందు ఇన్సులిన్ సూది పడాలి. అక్క పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఆ సూది అక్కే వేసేది. ఆ పొద్దున అక్క ఒక చిన్న స్టీలు గిన్నెకు మూత బిగించి నీలం డబ్బా అడుగున పెట్టడం నేను చూశాను. దాని మీద బావ బీరు సీసాలు పేర్చాడు. గిన్నెలో ఏముందని నేను అడగలేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ఎన్నోసార్లు ఆగిపోయాను. అడగలేదా, అడగదలుచుకోలేదా? పచ్చడో పెరుగో అనుకున్నానని నాకు నేను చెప్పుకుంటాను. నిజంగా అనుకున్నానా, లేక అలా అనుకున్నట్టు తర్వాత కుదుర్చుకున్నానా?

మొక్కు తీరేదాకా డబ్బా మూత తీయకూడదని అక్క బావతో ఒట్టు పెట్టించుకుంది. దేవుని దగ్గరికి పోతూ బీరు సీసాల వంక చూడటం కూడా పాపమని అక్క లెక్క. అందువల్ల ఆ రోజు సాయంత్రం దాకా దాన్ని ఎవరూ తెరవరని నాకు తెలుసు. అదే నాకు కలిసొచ్చింది.

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర బండి ఆపారు. బావ వాళ్ల చుట్టాల జీపు రావాలి. అందరూ దిగి నీళ్ల వైపు నడిచారు. బండి ఇంజను నడుస్తూనే ఉంది. నేను వెనక సీట్లోంచి చెయ్యి చాచి స్విచ్చు రెండోవైపు నొక్కాను. ఆకుపచ్చ లైటు పోయి ఎర్రది వెలిగింది. దాని మీద తువ్వాల కప్పాను. అంతే. మొత్తం ఇంతే. దీనికి ముందు నేను వేరే మనిషినని చెప్పుకోవడానికి కూడా లేదు. అప్పుడూ నవ్వుకుంటూనే ఉన్నాను.

కొమురవెల్లిలో బండి ఎండలో నిలబడింది. ఇంజను ఆపినా వైరు గుచ్చినచోట కరెంటు వస్తూనే ఉంది. లోపల డబ్బా తన పని తాను చేసుకుంటూ ఉడుకుతోంది. అవ్వ చెప్పుల్లేకుండా బోనమెత్తుకుని కాలే బండల మీద నడిచింది. ఆటో తెస్తానంటే మల్లన్న దగ్గరికి ఆటోలో పోతే మొక్కు ఆటోవాడికి దక్కుతుందని నా మీదే జోకు వేసింది. మా ఇంట్లో ఈ జోకుల రోగం నాకు ఆమె నుంచే వచ్చింది.

సాయంత్రం చెట్ల కింద పొయ్యి వెలిగించారు. బావ చుట్టాలందరినీ కూర్చోబెట్టి, సుమోలో ఉన్న డబ్బా మూత తీసి, మొదటి సీసా తెచ్చి మూత ఊడబీకాడు. నురగ మోచేతి దాకా కారింది. గుక్క తాగి ఉమ్మేశాడు. చాయ్ కన్నా వేడిగా ఉందని ఎవరో అన్నారు. చుట్టాలు పడీ పడీ నవ్వారు. ఆ గోలలో నేను బండి దగ్గరికి పోయి స్విచ్చు మళ్లీ చల్లదనం వైపు నొక్కి తువ్వాల తీసేశాను. బావ వచ్చి చూసేసరికి ఆకుపచ్చ లైటు బుద్ధిగా వెలుగుతోంది. సుమోలో కరెంటు సరిగ్గా రాలేదని డ్రైవరును తిట్టాడు. ఎండకు కాగాయన్నాడు. డబ్బా చల్లబరచలేదని అందరూ అనుకున్నారు. డబ్బా రోజంతా ఉడకబెట్టిందని నా ఒక్కడికే తెలుసు.

అప్పుడు అక్క ఆ స్టీలు గిన్నె తీసింది. అందులోంచి ఇన్సులిన్ సీసా తీసింది.

అక్క సీసాను అరచేతిలో పట్టుకుని ఇది కూడా వెచ్చగానే ఉందే అంది. ఒక్క పూట చల్లగా లేకపోతే ఏం కాదని డాక్టరు చెప్పాడని తనే మళ్లీ అంది. అది నిజమే. చల్లగా లేకపోతే ఏం కాదు. కానీ ఇది ఉడికింది. ఆ తేడా చెప్పడానికి ఒక్క మాట చాలు. గజ్వేల్‌లో మందుల షాపులున్నాయి. నాయిన బండి పంపేవాడు, కొత్త సీసా వచ్చేది, నాకు చెంప వాచేది. ఆ ఒక్క చెంప కోసం నేను మాట్లాడలేదు. ఫెయిలైనవాణ్ని. అప్పటికే ఇంట్లో నా మీద చాలా ఉన్నాయి, ఇంకొకటెందుకని అనుకున్నాను.

సూది దిగుతుంటే అవ్వ మొహం చిట్లించి, "వెచ్చగున్నది బిడ్డా, రోజు సల్లగ దిగుతుండె" అంది.

"మల్లన్న నీకు స్పెషల్‌గ కాచి పంపిండవ్వా" అన్నాను నేను.

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. సూది అయిపోయింది.

ఆ సీసానే ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ మందు మామూలుగానే పాల రంగులో ఉంటుంది, చెడిపోయినా చూసేవాళ్లకు తెలియదు. అయిపోయేదాకా అదే వాడారు. రోజూ రెండుపూటలా అక్క సూది వేస్తుంటే నేను పక్క గదిలో పుస్తకం తెరిచి కూర్చునేవాణ్ని. పోనీ సీసా చేయి జారినట్టు కింద పడేయొచ్చు కదా? ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అది కూడా తట్టింది. ఫ్రిజ్ తలుపు దాకా వెళ్లాను. చల్లటి నీళ్లు తాగి వచ్చేశాను.

బండల మీద కాలిన అవ్వ కాలి వేలు బొబ్బెక్కింది. మానలేదు. ఊరికే దాహమనేది, ఊరికే పడుకునేది. సుచిత్ర చౌరస్తా దగ్గర డాక్టరుకు చూపిస్తే షుగరు చాలా ఎక్కువుంది, ఏం తింటోంది అని అడిగాడు.

ఏం తింటోంది? మొక్కు పేరు మీద బావ చుట్టాలు ఇచ్చిన బూందీ లడ్డూల డబ్బా ఒకటి వంటింటి సజ్జ మీద ఉండేది. అది తగ్గుతూ వస్తోంది. తింటున్నది నేను. చదువుతున్నట్టు కనిపించడం చాలా ఆకలి పుట్టించే పని. అమ్మ డబ్బా దించి చూసింది. నాయిన అవ్వ వైపు చూశాడు. తీపి తనకు సయించదు గదా అని అవ్వ కొడుకుకు చెప్పింది. ఆమెకు నిజంగానే సయించదు. ఉప్పేసిన సల్ల ఇష్టం, చింతకాయ తొక్కు ఇష్టం. షుగరు రాకముందు కూడా పండగ పూట బూరె ముక్క తుంచి నోట్లో వేసుకుని నా చేతిలో పెట్టేసేది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకపోతే అందరికీ గుర్తొచ్చేదే.

నేను మాట్లాడాను. మల్లన్నకు పట్నాలు దక్కినయ్, అవ్వకు లడ్డూలు దక్కినయ్, ఎవరి మొక్కు వాళ్లది అన్నాను. నాయిన మీసాల్లో నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మ నవ్వుతూనే డబ్బా తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ జోకుతో విచారణ ముగిసింది. నేను వేసినవాటిలో అంత బాగా పేలింది ఇంకోటి లేదు.

వేలు నల్లబడింది. సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ముందు వేలు తీశారు, తర్వాత మోకాలి కింద దాకా తీశారు. అక్కడ వాళ్ల సొంత మందు వాడారు కాబట్టి షుగరు దిగింది. ఆసుపత్రిలో లడ్డూలు దొరకవు కాబట్టి దిగిందని మావాళ్లు అనుకున్నారు. చూశారా, రుజువు కూడా దొరికింది. నేను ఏమీ చేయనక్కర్లేకుండా అన్నీ నా వైపే సాక్ష్యం చెప్పాయి.

ఆ తర్వాత అవ్వ వరండాలో మంచం మీద ఉండేది. ఇంటికి ఎవరైనా మిఠాయి తెస్తే ఆమె ముందు నుంచి కొంగు చాటున పెట్టుకుని లోపలికి పోయేవాళ్లు. ఆమె చూసేది. చూడనట్టు గోడ వైపు తిరిగేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే. నన్ను పిలిచింది.

"ఒక మాట అడుగుత, నిజం జెప్తవా?"

"అడుగవ్వా."

"గా లడ్డూలు నేనే తిన్ననా రా?"

నేను మంచం కోడు వైపు చూశాను.

"నాకైతే యాదికి లేదు. కని గిందరు అంటున్నరంటే తినే ఉంట. ముసలిదాన్నైతి, మతి తప్పి తిన్ననేమో. నువ్వు ఇంట్లనే ఉంటుంటివి గద. నువ్వేమన్న జూసినవా?"

ఇంట్లో అందరిలో నన్నే అడిగింది. నేను చూసి ఉంటానని నమ్మింది. నిజమే, చూశాను. అప్పుడు చెప్పి ఉంటే కాలు వచ్చేది కాదు. కానీ ఆమె మతి ఆమెకు తిరిగి దక్కేది. తన మనసును తాను నమ్మొచ్చని తెలిసేది. అంత సులువుగా ఇవ్వగలిగింది నా దగ్గర ఇంకేముంది?

"తింటే తిన్నవు తియ్యవ్వా. ఇప్పుడు నిన్నెవలేమంటున్నరు" అన్నాను.

"గంతేనంటవా" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

చేసింది నేను, క్షమించింది కూడా నేనే. ఆమెను. ఆ సాయంత్రం నాయిన ఇంటికి రాగానే అవ్వ దగ్గరికి పిలిచి, నేనే తిన్నట్టున్న కొడుకా, మాఫ్ జెయ్ అని చెప్పింది. మా ఇంట్లో ఒప్పుకోలు జరిగింది. ఒప్పుకున్న మనిషే వేరు. నాయిన ఆమె తల నిమిరాడు. నేను గడప దగ్గర నిలబడి చూశాను. ఆ ఒక్కరోజు నాకు ఏ జోకూ తట్టలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పెత్రమాసకు పెద్దలకు పెట్టేటప్పుడు ఆమె ఫోటో ముందు ప్రతిసారీ పళ్లెం నిండా లడ్డూలు పెడతారు. బతికున్నప్పుడు కడుపునిండా తిననివ్వలేదని అమ్మ ప్రతి ఏడూ కళ్లు తుడుచుకుంటుంది. అక్క పిల్లలకు ఆమె పేరు తెలియదు. లడ్డూ అవ్వ అంటారు. మొన్న పెత్రమాసకు కూడా మామా, లడ్డూ అవ్వ కథ చెప్పు అని నా మీద ఎక్కి కూర్చున్నారు. ఈసారి వేరేగా చెబుదామనే అనుకున్నాను. ఒట్టు. గొంతు సర్దుకున్నాను. పిల్లలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. మల్లన్నకు పట్నాలు, అవ్వకు లడ్డూలు అన్నాను. ఇల్లంతా నవ్వింది. గోడ మీద ఫోటోలో ఆమె ఉన్నట్టే ఉంది.

నీలం డబ్బా ఇంకా సజ్జ మీద ఉంది. బావ దాన్ని మళ్లీ ఎప్పుడూ ముట్టలేదు. అమ్మ అందులో పాత ఊలు స్వెటర్లు పెట్టింది. ఎప్పుడైనా స్వెటరు కోసం దించితే నా బొటనవేలు దానంతటదే ఆ స్విచ్చు మీదికి పోతుంది. వైరు లేదు, కరెంటు లేదు, ఏ లైటూ వెలగదు. అయినా చల్లదనం వైపు ఉందో లేదో చూసి గానీ పైన పెట్టను.

మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. అడగడం లేదు. అడగాల్సిన మనిషే నన్ను ఒకసారి అడిగింది, నేను జవాబు చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన జవాబు మీకు చెబుతున్నాను.

నువ్వు తినలేదవ్వా. తిన్నది నేను. స్విచ్చు తిప్పింది కూడా నేనే. నీ మతి ఎక్కడికీ పోలేదు.

ఎవరూ నవ్వకుండా నేను పూర్తి చేసిన మాటలు ఇవే.