సింకు గొట్టంలో క్రిమి

పసిపిల్లల వార్డులో ఆయాగా పనిచేసే ఆమెను వాచ్‌మన్ దగ్గర్నుంచి పెద్ద నర్సు దాకా అందరూ చిన్నక్క అనే పిలిచేవారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఒళ్లు తుడవడం, గుడ్డలు మార్చడం ఆమె పని. అరచేతిలో ఇమిడిపోయే బిడ్డనైనా నిద్ర చెడకుండా పక్కకు తిప్పగలదని పేరు.

ఆ వానాకాలం వార్డులో పిల్లలు ఒకరి వెనక ఒకరు పోసాగారు. అందరి రక్తంలోనూ ఒకే రకం క్రిమి. అందరినీ ముట్టుకునేది చిన్నక్కే గనక ఆమె చేతుల మీద దూది రాసి పరీక్షకు పంపారు. అక్కడా అదే రకం కనబడింది. వెంటనే ఆమెను బట్టలుతికే గదికి మార్చారు. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి మెట్ల దగ్గర ఎదురై, "నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావు" అంది. ఇంట్లో కూతురు మనవడిని చేతికివ్వబోతే వెనక్కి జరిగేది.

కొన్నాళ్లకు ల్యాబు నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. కుళాయి, సింకు, మంచాలు, అన్నిటి మీదా నమూనాలు తీసుకుని, పిల్లల రక్తంలోవి, చిన్నక్క చేతి మీదవి కూడా కలిపి, దొరికిన ప్రతి క్రిమి జన్యుక్రమాన్నీ అక్షరం అక్షరం చదివించింది. ఫలితాలు రాగానే చిన్నక్కను పిలిపించింది.

"క్రిమి తన జన్యుక్రమానికి తనే నకలు తీసుకుంటుందమ్మా. ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు దాని పిల్లలకీ వస్తుంది. తప్పులు పోల్చి చూస్తే ఏది దేని సంతానమో తెలిసిపోతుంది. పోయిన పిల్లల్లోవన్నీ ఒకే ఇంటివి. మీ చేతి మీదది ఆ ఇంటిది కాదు."

"మరి పిల్లల్లోది ఎక్కడిది మేడమ్?"

సింకులో నీళ్లు పోయే గొట్టంలోదని చెప్పిందామె. కుళాయి తిప్పినప్పుడల్లా గొట్టంలోంచి తుంపర లేచి, పక్కనున్న గుడ్డల మీద పడుతోందట.

పక్కనే ఉన్న పెద్ద నర్సుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. చిన్నక్క మాత్రం ఇంకోటి అడిగింది.

"ఆ గుడ్డలు అక్కడ పెట్టింది నేనే కదా?"

శాస్త్రవేత్త అబద్ధం చెప్పలేకపోయింది. "అవును. ఆ గదిలో వేరే చోటు లేదు."

సింకు పీకేసి గోడలో కన్నం పూడ్చేశారు. చావులు ఆగాయి. చిన్నక్క మెట్ల దగ్గర తనను నిందించిన తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, గుడ్డల సంగతితో సహా విన్నదంతా చెప్పింది. ఆ తల్లి తలుపు పట్టుకుని గడపలోనే కూలబడింది.

"అయితే నేనిప్పుడు ఎవర్ని తిట్టుకోను?" అంది.

చిన్నక్క ఆమె పక్కన కూర్చుంది. పొమ్మని ఆ తల్లీ అనలేదు.

వార్డుకి రమ్మని పెద్ద నర్సు ఎంత బతిమాలినా చిన్నక్క తిరిగి వెళ్లలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ బట్టలుతికే గదిలోనే ఉండిపోయింది.