చాందినీ గుండె వదిలేసిన దెబ్బ

మొన్న పంజాగుట్ట కూడలిలో ఒక పెళ్లి ఊరేగింపుకి దారిస్తూ ఆగాను. బ్యాండు క్షణం సేపు ఆగినప్పుడు తారు మీద గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. అలవాటుగా నా చెవి అందులో తప్పిన దెబ్బ కోసం వెతికింది. అలా వినడం నేర్పిన డాక్టర్ సుభద్ర గారు ఇప్పుడు లేరు. ఆవిడకి చెవి మందగించిందనీ, బాగున్న గుర్రానికి గుండె జబ్బు అంటగట్టారనీ గుర్రాలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటగట్టింది నేను.

అమీర్‌పేటలో ప్రతి మేడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. నాతో చదివిన పశువైద్యులు కొందరు ఆ మేడలెక్కారు. నేను వెనక సందులో ఉన్న సుభద్ర గారి ఆస్పత్రిలో చేరాను. ఆవిడ ఊళ్లో లేని రోజున, ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే ఖలీల్ భాయ్ తన చాందినీని చూపించడానికి తెచ్చాడు. పెళ్లిళ్ల సీజను ముందు అలా చూపించడం అతని అలవాటు. బాగా వినపడాలని దాన్ని నీడలో నిలబెట్టి, బెల్లం పెట్టి, మెడ నిమిరాను. అది కుదుటపడేకొద్దీ దాని గుండె మధ్యమధ్య ఒక దెబ్బ వదిలేయసాగింది.

"గుండె జబ్బు భాయ్. దీనిమీద మనిషిని ఎక్కించొద్దు" అన్నాను.

"గట్లంటే ఎట్ల సాబ్? మా ఇంట్ల పొయ్యి ఎలిగేదే దీంతోని."

అతను ఒప్పుకున్న ఊరేగింపులన్నీ వదులుకుని, చాందినీని వచ్చినకాడికి అమ్మడానికి సిద్ధపడ్డాడు. సుభద్ర గారు ఊరి నుంచి రాగానే సంగతి విని, గుర్రంతో సహా అతన్ని పిలిపించారు. దాని గుండె చాలాసేపు విని నావైపు తిరిగారు.

"ఏమయ్యా, పరిగెత్తించి విన్నావా?"

"లేదండీ."

"భాయ్, సందు చివరిదాకా ఓ పరుగు తీయించండి."

"బీమారున్న గుర్రాన్ని ఉరికియ్యమంటరా మేడం? పడితే?"

"నేనున్నాగా."

ఫైళ్లు పట్టుకుని కోర్సులకు పోతున్న పిల్లలు గోడలకు అతుక్కుని దారిచ్చారు. చాందినీ రొప్పుతూ తిరిగొచ్చింది. ఆవిడ స్టెతస్కోపు నా చెవులకు పెట్టారు. దెబ్బ వెనక దెబ్బ, ఒక్కటీ తప్పలేదు.

"నిమ్మళంగా ఉన్న గుర్రం గుండె అలా ఒక్కో దెబ్బ మానేస్తుందయ్యా. పని పడితే మానదు. జబ్బయితే పరుగులోనూ లయ కుదరదు." ఈసీజీ కూడా తీసి చూసుకుని, ఖలీల్ భాయ్‌తో అన్నారు: "చాందినీకి ఏ జబ్బూ లేదు. ఫోన్లో ఇతనికి అలా చెప్పింది నేనే. పొరపాటు నాది."

అతను గుర్రం మెడ కౌగిలించుకుని నవ్వాడు. "జాన్ తీసిండ్రు గద మేడం! జర మీ చెవులు సుత చూపించుకోండ్రి!"

ఆ హాస్యమే ఊరంతా తిరిగి నిజమైపోయింది. ఎందుకలా చెప్పారని తర్వాత ఆవిడని అడిగాను. "నీ మీద నమ్మకం పోతే నీ దగ్గరకి ఇంకో గుర్రం రాదు. నా చెవికి పేరుంది, కొంత పోయినా మిగుల్తుంది" అన్నారు. చాలా ఏళ్లు ఆ నిజం ఎవరికీ చెప్పలేదు.

ఈమధ్య ఖలీల్ భాయ్‌కి నిజం చెప్పేశాను. ముసలాయన పగలబడి నవ్వాడు. "మాకు గప్పుడే తెలుసు సాబ్. ఫోన్ల గుర్రం గుండె ఎట్ల ఇనపడ్తది? మీ ముఖం జూసి ఊకున్న."

ఆ నవ్వుతో ఎంత తేలికపడ్డానో చెప్పలేను. తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికీ ఏ గుర్రం వచ్చినా నిలబెట్టి వింటాను, పరిగెత్తించి మళ్లీ వింటాను. దెబ్బలన్నీ వరసలో పడగానే, స్టెతస్కోపు తీసి, ఆవిడ ఉన్నట్టే పక్కకి అందించబోతాను.