రెండు బాయిలర్ల బేరం

సూరత్‌లో నాలాగా బేరమాడే తెలుగు ఆడమనిషి లేదని నేనే చెప్పుకుంటాను, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. లక్షా తొంభై వేలు చెప్పిన కాఫీ మిషన్‌ను లక్షా ముప్పై రెండు వేలకు దింపాను. అదీ బిల్లు లేకుండా. బిల్లు వద్దన్న తెలివి కూడా నాదే, షాపువాడిది కాదు.

మా బాపు ఇక్కడే పర్వత్ పాటియాలో చీరల దుకాణం నడిపేవాడు. మా ఇంట్లో ఎవరేం కొనుక్కొచ్చినా “ఏం కొన్నవ్” అని అడగరు. “ఎంత దించినవ్” అని అడుగుతారు. సరుకు సంగతి తర్వాత, తీరిక దొరికితే.

మా ఆయనది గోదావరి వైపు. బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కి భరూచ్ వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు. ఇద్దరం కలిసి కూర్చునేది పొద్దుటి కాఫీ దగ్గరే. మా పాత చిన్న మిషన్‌కు ఒకటే బాయిలర్. కాఫీ దిగాక పాలకు ఆవిరి కావాలంటే అది ఇంకా కాగాలి, రెండో కప్పుకు మళ్లీ చల్లారాలి. నా కప్పు తయారయ్యేసరికి ఆయన బూట్లు వేసుకుంటూ ఉండేవాడు. పెళ్లయ్యాక ఆయన నోరు తెరిచి అడిగింది ఒకటే.

“రెండు బాయిలర్లది కొందామోయ్. ఒకదాంట్లో కాఫీ, ఇంకోదాంట్లో ఆవిరి. ఇద్దరం ఒకేసారి కూర్చుని తాగొచ్చు.”

రింగ్ రోడ్డులో హోటళ్లకు సామాను అమ్మే షాపుకు వెళ్లాం. మేడ మీద షాపాయన రెండు బాయిలర్ల మిషన్లే రెండు చూపించాడు. ఒకటి చిన్నది. సీలు విప్పని పెట్టె, పక్కా బిల్లు, రెండేళ్ల వారంటీ. లక్షా నలభై ఐదు వేలు, పైసా తగ్గదు. రెండోది నమూనాకు బయట పెట్టిన పెద్దది. నిగనిగలాడే స్టీలు ఒళ్లు, ముందు ముళ్లు తిరిగే రెండు మీటర్లు. మా ఆయన చిన్నదాని దగ్గర ఆగాడు. నేను పెద్దదాని దగ్గర ఆగాను. తగ్గని ధరతో నాకేం పని?

“లక్షా తొంభై, బెన్. ఛేల్లో భావ్,” అన్నాడు షాపాయన. ఇదే చివరి ధర, అక్కా అని. చీరల దుకాణంలో ఆ మాట వింటూనే పెరిగాను నేను.

“ఆ చిన్నది చాలదూ?” అని మా ఆయన నా చెవిలో గొణిగాడు.

“నువ్ జర ఆగు.”

పాత మిషన్ మార్పిడికి ఇస్తానన్నాను. పన్ను దండగ, కచ్చా చీటీ మీద అంకె రాసిస్తే చాలన్నాను. కొంత దిగాడు. అది నాకు చాల్లేదు. లేచి మెట్ల వైపు నడిచాను. ఆ నడక బాపు నేర్పిందే: మెల్లగా, వెనక్కి చూడకుండా. మొదటి మెట్టు మీద కాలైనా పెట్టకముందే “ఆవో బెన్, ఆవో” అని పిలిచాడు. అంత తొందరగా పిలిచాడంటే ఆ సరుకు ఎన్నాళ్లుగానో కదలడం లేదని దుకాణంలో పెరిగిన పిల్లకు తెలియాలి. తెలిసింది కూడా. కానీ గెలుస్తున్నప్పుడు ఆగడం నాకెవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. “ఎంత దించినవ్ బిడ్డా?”

“యాభై ఎనిమిది వేలు.”

“శెబాష్! నా బిడ్డవనిపించుకున్నవ్.” ఏం మిషనో అడగలేదు.

కొన్నాళ్లు నిజంగానే కూర్చున్నాం. బాల్కనీలో రెండు కుర్చీలు, రెండు కప్పులు, రెండూ వేడిగా. రైల్లో రోజూ పేకాడే బ్యాచ్ కబుర్లు ఆయన చెప్పేవాడు, నేను మధ్యలో అడ్డు తగులుతూ వినేదాన్ని.

మా సొసైటీ బోరు నీళ్లకు బకెట్లు కూడా తెల్లగా గార పడతాయి. మిషన్‌లో ఇలాంటి నీళ్లు పోయొద్దని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. చదివాను. క్యాన్ నీళ్లకు డబ్బెందుకని గుడ్డతో వడగట్టి అవే పోశాను. ఆవిరి ముందు సన్నబడింది, తర్వాత మూలిగింది. ఒక పొద్దున అడుగు నుంచి నీళ్లు కారి ఇల్లంతా కరెంటు పోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి హిందీలో బిల్లు ఫోటో పంపమంది.

“బిల్లు లేదమ్మా. మిషనైతే ఉంది కదా.”

“బిల్లు లేకపోతే వారంటీ ఉండదు మేడం.”

“పోనీ, సగం వారంటీ ఇవ్వు.”

ఆ అమ్మాయి, డబ్బు కట్టి చేయించుకుంటే నలభై ఎనిమిది వేలవుతుందని చెప్పి పెట్టేసింది.

షాపుకు వెళ్లాను. షాపాయన మర్యాదగా ఛాయ్ తెప్పించాడు. “బిల్ మత్ బనావో అని ఆప్‌నే హీ బోలా థా, బెన్,” అన్నాడు. నిజమే, బిల్లు వద్దన్నది నేనే. ఛాయ్ తాగి లేచాను. మెట్ల వైపు మెల్లగా, చాలా మెల్లగా నడిచాను. ఎవరూ పిలవలేదు.

ఇంటికొచ్చాక కూడా నేను ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి, ఆరబెట్టి, స్విచ్ వేస్తాను. కరెంటు పోతుంది. “ఇవాళైనా కాఫీ వచ్చేట్టుందా?” అని మా ఆయన కుర్చీలో కూర్చుని అడిగేవాడు. తర్వాత నిలబడి అడిగేవాడు. ఇప్పుడు అడగడం లేదు. “నేను స్టేషన్‌లో ఛాయ్ తాగేస్తాలే. పొద్దున్నే దాంతో నీకెందుకా గొడవ,” అని ముందే బయల్దేరుతున్నాడు.

మొన్న బాపు వచ్చి మిషన్ చుట్టూ తిరిగి చూశాడు. “బాగుజేయనీకి ఎంతంటున్రు?”

“నలభై ఎనిమిది వేలు.”

“ఎంత దించినవ్?”

“దిగుతలేదు బాపూ.”

ఇక లెక్క. మిషన్‌కు లక్షా ముప్పై రెండు వేలు. బాగు చేయించడానికి నలభై ఎనిమిది వేలు, ఇంకా కట్టలేదు. కడితే మొత్తం లక్షా ఎనభై వేలు, అంటే మా ఆయన ఆగిన చిన్నదానికంటే ముప్పై ఐదు వేలు ఎక్కువ. మార్పిడికి పోయిన పాత మిషన్‌ను ఇందులో కలపలేదు. మా రెండింటిలో పనిచేసేది అదే. ఇవి కాక, సూరత్ స్టేషన్‌లో ఛాయ్, రోజుకు పదిహేను రూపాయలు, ఒక్కరికి.