ఫ్యూజు పెట్టేచోట బల్బు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదివే ఏడు, మా ఇంట్లో ఒక పాత తెల్ల కారు ఉండేది. మాది వనపర్తి దగ్గర పాన్‌గల్. నాన్న వ్యవసాయం చూసుకుంటూ కారును కిరాయిలకు తిప్పేవాడు. నడిపేది మాత్రం మా చిన్నాయన. డిగ్రీ మధ్యలో ఆపేసిన ఆయనకు ఆ స్టీరింగు తప్ప వేరే ఆధారం లేదు. కిరాయి లేని పొద్దుల్లో నన్ను వనపర్తిలో బడి దగ్గర దింపేవాడు.

ఆ చలికాలంలో కారు ఒక కొత్త పేచీ మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి హారన్ మోగడం మానేసేది. బానెట్ ఎత్తి చూస్తే గాజు ఫ్యూజులోని తీగ కాలిపోయి ఉండేది. కొత్తది వేస్తే రెండు రోజులు బాగుండేది, ఒక్కోసారి రెండు గంటలే. ఒకరోజు గొర్రెల మంద అడ్డమొచ్చి, హారన్ మోగక, బండి రోడ్డు దిగి కందిచేనులోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, నాన్న కోపం మాత్రం ఆ రోజు నుంచి తగ్గలేదు.

తప్పు దేనిదో నాన్న ముందే తేల్చేశాడు. దసరాకు చిన్నాయన తన సొంత పైసలతో కొత్త హారన్ కొని బిగించాడు. ఆ షోకుల హారనే ఫ్యూజులను తింటోందని నాన్న నమ్మకం. చిన్నాయన దాన్ని రెండుసార్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఫ్యూజు మళ్లీ పోయింది. ఇంకొక్కసారి పోతే తాళంచెవి ఇచ్చి పొమ్మని, వేరే డ్రైవరుతో మాట్లాడి ఉంచానని నాన్న అన్నాడు. చిన్నాయన ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

నాకు ఒక సంగతి తెలుసు. రోజూ పడుకునే ముందు ఒక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకోవడం అప్పటికే నాకు అలవాటు. హారన్ బిగించాక దాదాపు రెండు నెలలు ఒక్క ఫ్యూజూ పోలేదు. మొదటిది పోయింది ఒక సోమవారం. దాని ముందురోజే కారు వెనక అద్దాలకు పరదాలు కట్టారు. బస్టాండు దగ్గర ఆగినప్పుడల్లా జనం లోపలికి తొంగిచూస్తున్నారని, అమ్మను బతిమాలి ఆమె పాత చీరతో నేనే కుట్టించుకున్న పరదాలవి. వాటి కడ్డీలకు స్క్రూలు బిగించింది నాన్నే. పరదాకూ హారన్‌కూ సంబంధమేమిటో నాకు తెలియదు, కానీ రెండూ పక్కపక్క పేజీల్లో ఉన్నాయి. చెబితే తప్పు నాన్నది అన్నట్టవుతుంది, నా పరదాలూ పోతాయి. మూడు వారాలు నోరు విప్పలేదు.

ఒక శనివారం నాన్న కూడా మాతో కారులో వచ్చాడు. వనపర్తి పొలిమేరలో ఏదో కాలుతున్న వాసన వచ్చింది. నేరుగా బ్యాటరీ షాపు చాచా దగ్గరికి పోయాం. కార్ల కరెంటు పని చేసే ముసలాయన. ఆయన బానెట్ ఎత్తి ఫ్యూజు బయటికి తీసేసరికి దానికి సిగరెట్ డబ్బాలోని వెండి కాగితం చుట్టి ఉంది. ఉద్యోగం పోతుందన్న భయంతో, ఫ్యూజు పోయినా హారన్ ఆగకూడదని చిన్నాయన చేసిన పని అది. నాన్న అరవబోతే చాచా చెయ్యి అడ్డం పెట్టి, చిన్నాయనతో మెల్లగా అన్నాడు.

"ఫ్యూజు కాలకుంటె బండి కాలుతది బాబూ. లోపల పిల్ల కూసున్నది గద."

చిన్నాయన తల దించుకున్నాడు.

చాచా ముందు హారన్ తీగ ఊడదీశాడు. తర్వాత ఫ్యూజు పెట్టేచోట రెండు తీగలతో ఒక చిన్న బల్బు తగిలించాడు. ఎక్కడైనా కరెంటు దారి తప్పి బండి రేకును తాకితే బల్బు గట్టిగా వెలుగుతుందని, ఎన్నిసార్లు తాకినా ఫ్యూజులాగా అది కాలిపోదని చెప్పాడు. బల్బు వెలగలేదు. నిలబడ్డ బండిలో ఏమీ తెలియదని, తలుపులు గట్టిగా వేయమని నాన్నకూ, బండిని ఊపమని చిన్నాయనకూ చెప్పి తాను లోపల కూర్చున్నాడు. బల్బును చూసే పని నాది.

వెనక ఎడమ తలుపు పడగానే బల్బు భగ్గుమని వెలిగి ఆరిపోయింది. నేను చెయ్యి ఎత్తాను.

"ఏమన్న ఐందా బేటీ?" అని చాచా లోపలి నుంచి అడిగాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంచాను. ఆయన తల బయటపెట్టి నన్ను చూసి నవ్వాడు. "చెయ్యెత్తితె నాకెట్ల కనబడతది? బానెట్ అడ్డమున్నది. నోటితోని చెప్పు."

"వెలిగింది" అన్నాను. వినబడలేదన్నాడు. మళ్లీ అన్నాను, ఈసారి రోడ్డు మీదివాళ్లు కూడా తిరిగి చూశారు.

హారన్ తీగ ఊడి ఉండగానే వెలిగింది కాబట్టి తప్పు హారన్‌ది కాదన్నాడు చాచా. కొత్తగా పెట్టింది అదొక్కటే కదా అన్నాడు నాన్న. "జర యాద్ జేయున్రి. ఇంకేం పెట్టిన్రు?" అని చాచా అడిగితే ఇద్దరూ మళ్లీ హారన్ వైపే చూశారు.

ఒకసారి తెరిచిన నోరు నాకు మూతపడలేదు. "పరదాలు" అన్నాను. "ఆదివారం కట్టిన్రు. సోమవారం ఫ్యూజు పోయింది."

నాన్న నావైపు చూశాడు. చాచా ఎడమ పరదాను పట్టి గుంజాడు. బల్బు వెలిగింది. ఈసారి ఎవరూ అడగకముందే అరిచాను.

కడ్డీ విప్పితే అర్థమైంది. స్క్రూ పైకప్పు గుడ్డను దాటి, లోపలి లైటుకు పోయే తీగలో దిగింది. ఆ లైటుకూ హారన్‌కూ ఒకటే ఫ్యూజు. బండి కదిలినప్పుడల్లా స్క్రూ మొన తీగలోని రాగిని తాకి, కరెంటును పైకప్పు రేకులోకి పంపుతోంది. చాచా కమిలిన తీగ మార్చి, కొత్త ఫ్యూజు వేసి, పొట్టి స్క్రూతో పరదాను మళ్లీ బిగించాడు. నాన్న అరచేతిలో పాత స్క్రూను పెట్టి, "జర పొడుగైంది అన్నా" అన్నాడు చాచా. బిగించింది ఎవరని అడగలేదు.

బయలుదేరేటప్పుడు నాన్న తాళంచెవి చిన్నాయనకు అందించి, "రేపు పొద్దుగాల లింగాలకు కిరాయి ఉన్నది. టైముకు పో" అన్నాడు. ఆ రోజుకు ఆయన నోట అంతకంటే రాదని మా ఇద్దరికీ తెలుసు.

నాన్న సంతలో దిగిపోయాక, చిన్నాయన అద్దంలో నన్ను చూస్తూ, "నీకు ముందుగాలనే తెల్సా?" అని అడిగాడు. తల ఊపాను. "చెప్తె అయిపోతుండె గద బిడ్డా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన తిట్లు తిన్న మూడు వారాలూ నేను పక్క గదిలోనే ఉన్నాను, అన్నీ విన్నాను.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఏదైనా పాడైనా, పోయినా అందరి చూపూ ఒక్కరి మీదికే పోతుంది. అది మొదట ఏ రోజు జరిగింది, దానికి ముందు ఏం మారింది అని అడుగుతాను. నాకు తెలిసింది ఏదైనా ఉంటే ఆ పూటే చెబుతాను. పదిమందిలో నా గొంతు ఇప్పటికీ వణుకుతుంది. తగ్గాక చెబుదామని మాత్రం ఆగను.