ఎల్లయ్య తిన్న బన్ను

అమ్మ పోయాక మొదటిసారి ఇవాళ పొద్దున బన్నులు కాల్చాను. మిషన్ దొరల బంగళాలో వంట చేసిన అమ్మ, పిండిలో కల్లు కలిపి పొంగనిస్తే బన్ను దూదిలా వచ్చేది. నేనూ కల్లు తెప్పించి కలిపాను గానీ, పొంగేదాకా ఆగలేక ఇనుప గిన్నెలో పెట్టి పైనా కిందా నిప్పులు పోశాను. బెల్లం, యాలకులు కలిపిన వెన్న రాసిస్తే ఇంట్లో అందరూ "మంచిగున్నయ్" అన్నారు. అంతా అబద్ధం.

ఇంతలో శనివారం శనివారం అమ్మకు కల్లు తెచ్చే ఎల్లయ్య ముంతతో వచ్చాడు. కాలు విరిగి రెండు నెలలుగా రామాయంపేటలో కూతురింట్లో ఉండి ఇప్పుడే తిరిగొచ్చాడు. ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

"అమ్మ ఏది బిడ్డా? పిండికి కల్లు తెచ్చిన."

"కూసో మామా" అని ఒక బన్ను చేతిలో పెట్టాను. ఒక్క ముక్క కొరికి, నమలడం ఆపి నా ముఖంలోకి చూశాడు.

"అమ్మకు పానం మంచిగ లేదా?"

"అమ్మ పోయి నెల దాటింది మామా."

ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ గట్టి బన్నును చివరి ముక్కదాకా తిన్నాడు.

ముంత వంటింట్లోనే ఉంది. పిండి పొంగేదాకా ఎలా ఆగాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి. మా ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది.