కోవిల్‌పట్టి మేనేజింగ్ డైరెక్టర్

తమిళనాట విరుదునగర్‌లో నారాయణసామి నడిపే చిన్న పెట్టుబడుల ఆఫీసులో గాంధిమతి పదేళ్లుగా చేస్తున్న పని ఏమిటో ఆమె అత్తగారు జానకియమ్మాళ్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు. "ఒగరి మిల్లు కతలు ఇంగొగరికి చెప్పేదానికి జీతమిస్తారా?" అని ఆమె వారానికోసారైనా అడుగుతుంది. గాంధిమతి నవ్వి ఊరుకుంటుంది. ఆలోచిస్తే అత్తగారు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు కూడా.

షేర్ మార్కెట్టులో ఉన్న కంపెనీల గోత్రనామాలు రోజూ పేపర్లో అచ్చవుతాయి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, నూలు మిల్లులు, పప్పు మిల్లులు అలా కాదు. ఎవరు నడుపుతున్నారు, నూలు వడికే కదుళ్లు ఎన్ని తిరుగుతున్నాయి, కొడుకులు కలిసున్నారా విడిపోయారా, ఇవన్నీ గేటు దాకా పోతేగాని తెలియవు. అలా పోయి తెలుసుకుని, పుస్తకంలో రాసి, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ఉంచడమే గాంధిమతి ఉద్యోగం. అరుప్పుకోట్టైలో నేతపని ఇంట పుట్టిన పిల్ల కావడంతో నూలు పట్టుకుంటే చాలు, రకం చెప్పేస్తుంది. విరుదునగర్‌లో బస్సెక్కి, సాత్తూరులో టీ తాగి, కోవిల్‌పట్టిలో దిగడమంటే ఆమెకు పెళ్లికి పోయినంత సంబరం. తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఆ ఊరి వేరుశెనగ చిక్కీ, కడలై మిఠాయి పొట్లం లేకపోతే ఇంట్లోకి రానిచ్చేవాళ్లే కారు.

2005లో ఈ సంబరానికి గండం వచ్చింది. ప్రైవేటు కంపెనీల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించామంటూ రెండు సంస్థలవాళ్లు దిగారు. ఒకటి చెన్నై వాళ్ల డేటాబేస్, ఇంకొకటి కోయంబత్తూరు వాళ్లది. రెండింటినీ పదిహేను రోజులు వాడి చూసి, నచ్చినదాన్ని కొనుక్కోమన్నారు.

"నాకు ఆ కంప్యూటర్ గొడవ తెలీదు గాంధిమతీ. నువ్వు రెండూ చూడు. శుక్రవారం ఏది చెప్తే అది కొందాము," అన్నాడు నారాయణసామి. బయటివాళ్ల ముందు అరవం, ఇద్దరే ఉన్నప్పుడు ఇంటి తెలుగు, అదీ ఆయన పద్ధతి.

"శరి అన్నాచ్చీ," అంది గాంధిమతి. ఆ ఊళ్లో వ్యాపారుల్ని అందరూ పిలిచే పిలుపే అది.

తన ఉద్యోగాన్ని మింగేసే యంత్రాన్ని తనే ఎంచిపెట్టాలని ఆమెకు తెలియకపోలేదు. అయినా పని పనే. తను కాళ్లరిగేలా తిరిగి చూసిన ఇరవై కంపెనీల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ రెండింట్లోనూ వెతికింది.

చెన్నై డేటాబేస్ చూస్తే కళ్లు చెదిరాయి. రంగురంగుల బొమ్మలు, అడిగిన ప్రతిదానికీ జవాబు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. కోయంబత్తూరు వాళ్లది బోసినోటి ముసలమ్మలా ఉంది. ఎక్కడ చూసినా ఖాళీలు, ఖాళీ ఉన్నచోటల్లా "తెలియదు" అన్న మాట. అయితే ఉన్న ప్రతి వివరం పక్కనా "ఎవరు చెప్పారు, ఎప్పుడు" అని ఒక గడి మాత్రం ఉంది. ఇంత చాదస్తం ఎవరికి కావాలనుకుని ఆమె చెన్నై వైపే మొగ్గింది.

బుధవారం పదిహేడో పేరు దగ్గరికి వచ్చింది. కోవిల్‌పట్టి, జానకి స్పిన్నర్స్. అత్తగారి పేరే గానీ చుట్టరికమేమీ లేదు. చెన్నై డేటాబేస్‌లో మీట నొక్కగానే తెర మీద పడింది: మేనేజింగ్ డైరెక్టర్, పెరియసామి.

గాంధిమతి కుర్చీ ముందుకు జరుపుకుని మళ్లీ చదివింది.

పెరియసామి ఆ మిల్లు వాచ్‌మాన్. ఆయన్ని మేనేజింగ్ డైరెక్టర్‌ని చేసింది సాక్షాత్తూ గాంధిమతే.

ఇది 1995 నాటి సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయుధ పూజ రోజైతే ముదలాళులు, అదే యజమానులు, మిల్లు వదిలి ఎక్కడికీ పోరని పెద్ద తెలివిగా లెక్కేసుకుని కోవిల్‌పట్టికి పోయింది. బస్సు ఆలస్యమైంది. పూజ ముగిసి అందరూ వెళ్లిపోయారు. ఆఫీసు గదిలో, మామిడాకుల తోరణం కింద, నుదుట గంధం, కొత్త తెల్ల పంచె, చేతిలో బొరుగుల పళ్లెంతో ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె అరవంలో పలకరించింది. ఆమె యాస పట్టేసి ఆయన తెలుగులో అందుకున్నాడు.

"మనోళ్ల పిల్లవా? ఎండన పడి వచ్చిండావు. కూర్చోమ్మా, బొరుగులు తిను."

గడప దాటితే అరవమే మాట్లాడే చోట, పరాయి మిల్లులో ఇంటి మాట వినపడేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ మిల్లువాళ్లు కూడా తెలుగువాళ్లేనని ముందే తెలుసు. తెల్ల పంచె, పెద్ద కుర్చీ, ఇంటి తెలుగు, ఇంకేం కావాలి? ఆయన ఎన్ని కదుళ్లో చెప్పాడు, ఏ ఊరి పత్తో చెప్పాడు, ఏ మిషను ఏ ఏడు వచ్చిందో తడుముకోకుండా చెప్పాడు. పేరడిగి రాసుకుంది. హోదా అడగడం మర్యాద కాదని తనే రాసేసింది.

నాలుగేళ్లకు మళ్లీ పోతే, అదే మనిషి ఖాకీ చొక్కాలో గేటు తీశాడు. అప్పటికే నారాయణసామి ఆమె రాసినవన్నీ నీలం అట్టతో అచ్చేయించి, మదురైలో జరిగిన ఒక మీటింగులో అందరికీ పంచిపెట్టేశాడు. ఆమె నోరు మూసుకుని వచ్చేసింది. దానికి కారణం ఉంది. ఆ ఏడే రాఘవేంద్రన్ అనే సహోద్యోగి ఒక మిల్లు గురించి తప్పు రాసినందుకు, "తప్పు రాసేవాడు నా ఆఫీసులో ఉండగూడదు" అని నారాయణసామి నిలబెట్టి పంపేశాడు.

ఇప్పుడు ఆ తప్పు చెన్నై దాకా పోయి, రంగుల బొమ్మల మధ్య కూర్చుని, ఆమెను చూసి వెక్కిరిస్తోంది. పెరియసామి ఆ హోదాలో నీలం అట్ట పుస్తకంలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేడు. అంటే చెన్నై వాళ్లు కోవిల్‌పట్టిలో కాలు పెట్టలేదు, ఆ పుస్తకం చూసి దించేశారు. ఆ మాట చెప్పాలంటే తన తప్పు ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఆఫీసు కాపీని కొంటుంది, జనం దాన్ని నమ్మి డబ్బు పెడతారు. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. "కడుపులో ఏముండాదో కక్కెయ్యి. ముద్దన్నా దిగుతుంది," అంది జానకియమ్మాళ్, ఏమీ తెలియకుండానే.

శుక్రవారం ఆమె నారాయణసామి ఎదుట నిలబడి మొత్తం కక్కేసింది. బొరుగుల పళ్లెం కూడా వదల్లేదు.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. గాంధిమతి మనసులో అప్పుడే టిఫిన్ డబ్బా సర్దేసుకుంది.

"ఆరేండ్లు దాచినావు," అన్నాడు చివరికి. "అది తప్పు."

"అవును అన్నాచ్చీ."

"రాఘవేంద్రన్‌ను ఎందుకు పంపినానో తెలుసునా? వాడు మిల్లుకే పోలా. ఇంట్లో కూర్చోని రాసినాడు. నువ్వు పొయ్యి రాసినావు." ఉన్నట్టుండి ఆయన భుజాలు కదలసాగాయి. "వాచ్‌మాన్‌ను మేనేజింగ్ డైరెక్టర్ చేసినావా!" అంటూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. అది తగ్గాక, "తెలీనిది తెలీదని రాసుకునే దైర్యం ఉండాది చూడు, ఆ కోయంబత్తూరోళ్లది కొను. ఖాళీలు నువ్వు పూరించు. ముందు కోవిల్‌పట్టికి పో," అన్నాడు.

గాంధిమతికి అక్కడే గంతులేయాలనిపించింది. తనకు నలభై ఏళ్లని గుర్తొచ్చి ఆగింది.

సోమవారం పోయేసరికి పెరియసామి గేటు పక్క స్టూలు మీద ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది, ఖాకీ చొక్కా వదులైంది. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన పడీపడీ నవ్వి, దగ్గొచ్చి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు.

"పదేండ్లా? మా ఇంటామెకు చెప్పిండేవాణ్ణే! ఇంగ తీసేస్తావా?"

"తీసెయ్యాల తాతా."

ఆయన తలూపాడు. గేటు గొళ్లాన్ని అటూ ఇటూ కదిపి, నెమ్మదిగా అన్నాడు. "శరి, తీసెయ్యి. ఈ మిల్లుకు పునాది తవ్వినరోజు నుంచి ఈడే ఉండాను. ఎంతోమంది వస్తారు, పోతారు. నా పేరు అడిగినదానివి నువ్వొగదానివే. ఆ పేరు యాడన్నా ఒగమూల ఉంటే బాగుండు."

గాంధిమతి సంచిలోంచి కొత్త పుస్తకం తీసి, జానకి స్పిన్నర్స్ అని రాసి, కదుళ్లు ఎన్ని అని అడిగింది. ఆయన స్టూలు మీద నిటారుగా కూర్చుని, అప్పటిలాగే తడుముకోకుండా చెప్పాడు. "ఎవరు చెప్పారు" అని కోయంబత్తూరు వాళ్లలా పక్కన గీసుకున్న గడిలో ఆమె రాసి, ఆయనకు వినపడేలా పైకి చదివింది:

"పెరియసామి, వాచ్‌మాన్. మిల్లు పుట్టిన రోజు నుంచి."